మీంఢోళా నది: మంచు లేని చిన్న నదికి నిల్వ ఎక్కడుంది?

మీంఢోళా దక్షిణ గుజరాత్‌లోని ఒక చిన్న నది. తాపీ జిల్లా సోన్‌గఢ్ తాలూకాలో దోస్వాడా దగ్గరి కొండల్లో పుడుతుంది. వ్యారా, బార్డోలీ, పల్సాణా ప్రాంతాల మీదుగా పడమటికి సాగి, సూరత్ నగరానికి దక్షిణంగా అరేబియా సముద్రంలో కలుస్తుంది. పొడవు సుమారు 105 కిలోమీటర్లు, పరీవాహక ప్రాంతం సుమారు 1,518 చదరపు కిలోమీటర్లు. దీనికి ఉత్తరాన పారే తాపీ నది మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుట్టి 724 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. దాని పరీవాహకం 65,145 చదరపు కిలోమీటర్లు. అందులో మీంఢోళా లాంటివి నలభై మూడు దాకా ఇముడుతాయి. ఈ తేడా వల్లే సూరత్ భూగోళం రాసేవాళ్లు తాపీతో మొదలుపెట్టి తాపీతోనే ముగిస్తారు, మీంఢోళా ఒక వాక్యంలో తేలిపోతుంది. అయితే నగరానికి నైరుతి వైపున్న ఆల్థాన్ లాంటి పేటల్లో కురిసిన వాన తాపీలోకి పోదు. పక్కనున్న కాంకరా ఖాడీలో (ఖాడీ అంటే ఇక్కడి వాగు) పడి, భీమ్‌రాడ్ మీదుగా దక్షిణానికి మళ్లి, మీంఢోళాలో కలుస్తుంది. తాగే నీరు తాపీది, వదిలే నీరు మీంఢోళాది. ఆల్థాన్ భూగోళంలో ముఖ్యమైన సంగతి ఇదే. ఒక చిన్న నది స్వభావాన్ని దాని పొడవు నిర్ణయించదు. తన నీటిని అది ఎక్కడ దాచుకుంటుంది, చివర్లో దాని దారికి ఏది అడ్డుపడుతుంది అనే రెండు విషయాలే నిర్ణయిస్తాయి. మీంఢోళాలో ఈ రెండూ కళ్లెదుట కనిపిస్తాయి.

ముందుగా నిల్వ సంగతి. ప్రపంచంలోని ఎన్నో పొట్టి నదుల్లో కొన్ని మంచు కొండల్లో పుట్టి ఏడాది పొడవునా తమ సొంత నీటితో పారతాయి. న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని వైహో నది ఫ్రాంజ్ జోసెఫ్ హిమానీనదం అంచున పుట్టి చాలా తక్కువ దూరంలోనే టాస్మన్ సముద్రాన్ని చేరుతుంది. అంత చిన్న నదికి అంత నీరు రావడానికి ఒక ముఖ్య కారణం హిమానీనదం. శీతకాలంలో కురిసిన మంచును అది పట్టి ఉంచుతుంది, ఎండలు ముదిరే కొద్దీ వదులుతుంది. అలాంటి నదుల్లో మధ్యాహ్నపు ఎండకు కరిగిన నీరు సాయంత్రానికి దిగువకు చేరి మట్టం పెంచుతుంది, తెల్లవారుజామున మట్టం మళ్లీ పడిపోతుంది. ఒడ్డున నిలబడి చూస్తే ఎండ వేళలు నీటిలో కనిపిస్తాయన్నమాట. హిమాలయాల్లోనూ ఇదే పద్ధతి. చుట్టూ నేల ఎండిపోయే మే, జూన్ నెలల్లో గంగోత్రి నుంచి భాగీరథి పెరుగుతూ వస్తుంది. కొరత ఉన్న వేళకు నీరు అందించడం, దండిగా ఉన్న వేళ కొంత ఆపి ఉంచడం – ఈ రెండు పనులూ హిమానీనదమే చేస్తుంది. ఒకే నిల్వ రెండు పనులూ చేయడంలోనే ఆ నదుల క్రమబద్ధత ఉంది. ఈ విషయం గుర్తుంచుకుంటే మీంఢోళాలో ఏది లేదో తేలిగ్గా అర్థమవుతుంది.

మీంఢోళా పుట్టే కొండలు సహ్యాద్రికి పడమటి వాలులో చిట్టచివరి గుట్టలు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పేరుకున్న లావా గట్టిపడి ఏర్పడిన దక్కన్ బసాల్టు రాతి నేల ఇది. తెలంగాణ పడమటి జిల్లాల్లో వికారాబాద్, జహీరాబాద్ వైపు కనిపించే నల్ల రాయి కూడా ఈ కుటుంబానిదే. బసాల్టులో నీరు నిలిచేది పగుళ్లలోనూ, రెండు లావా పొరల మధ్య నలిగిన మట్టిలోనూ మాత్రమే. ఇసుకరాయిలాగా నీటిని ఒళ్లంతా పీల్చుకునే గుణం దానికి లేదు. రాయి అరిగి ఏర్పడ్డ నల్లరేగడి తడిసిన కొద్దిసేపటికే ఉబ్బి, తన రంధ్రాలను తానే మూసుకుంటుంది. ఆపైన పడే వాన నేలలోకి దిగదు, పైనే జారిపోతుంది. వానంతా దాదాపు జూన్ నుంచి సెప్టెంబరు వరకే. సూరత్‌లో ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్లు కురుస్తుందంటే అందులో అధికభాగం ఈ నాలుగు నెలలదే. సహ్యాద్రి వైపు వెళ్లే కొద్దీ వాన ఇంకా పెరుగుతుంది. మీంఢోళాకు దక్షిణాన ఉన్న పూర్ణా, అంబికా, ఔరంగా, పార్ నదులన్నీ ఇదే తీరున పారతాయి: కొండ దిగి, చిన్న మైదానం దాటి, సముద్రంలో పడతాయి. వానాకాలంలో పొంగి, చలికాలంలో సన్నబడి, ఫాల్గుణం దాటేసరికి మడుగులుగా మిగలడం వీటి సహజ గుణం. పూర్ణా, అంబికా కొంత పొడవైనవి, డాంగ్ అడవుల వాన పట్టేవి కాబట్టి కాస్త ఎక్కువ కాలం నిలుస్తాయి. మీంఢోళాకు ఆ అడవి కూడా పెద్దగా దక్కలేదు. బరోడా సంస్థానం ఉన్న కాలంలోనే దోస్వాడా దగ్గర ఒక జలాశయం కట్టారు. అది కొండవాలు నీటిని మాత్రమే పట్టగలదు, దానికి దిగువన మైదానంలో కురిసే వాన మీద దానికి అధికారం లేదు.

మరి ఎండాకాలంలో మీంఢోళాలో కనిపించే నీరు ఎక్కడిది? దీనికి జవాబు పక్క నదిలో ఉంది. తాపీ మీద ఉకాయి ఆనకట్ట 1972లో పూర్తయింది. దాని స్థూల నిల్వ సామర్థ్యం సుమారు 7,414 మిలియన్ ఘనపు మీటర్లు, మనకు అలవాటైన కొలతలో సుమారు 260 టీఎంసీలు. ఉకాయి ఉన్నది కూడా సోన్‌గఢ్ తాలూకాలోనే. మీంఢోళా పుట్టిన కొండలకు అవతలి పక్కనే, చూపు ఆనే దూరంలో, గుజరాత్‌లోని అతి పెద్ద జలాశయాల్లో ఒకటి నిండి ఉంటుంది; మీంఢోళా మాత్రం ఎండిపోతుంది. ఈ పరిస్థితిని కాలువలు మార్చాయి. 1950ల్లో కట్టిన కాక్రాపార్ ఆనకట్ట ఎడమ కాలువ, ఆ తర్వాత ఉకాయి ఎడమ కాలువ తాపీ నీటిని దక్షిణానికి తెచ్చి మీంఢోళా, పూర్ణా, అంబికా పరీవాహకాల్లోని పొలాలకు పారించాయి. 1928 సత్యాగ్రహంతో దేశమంతటికీ తెలిసిన బార్డోలీ ఈ మైదానం మధ్యలో ఉంది. ఆనాడు పన్ను పెంపును ఎదిరించిన ఆ రైతుల నేల ఇవాళ చెరకు తోటలతో, సహకార చక్కెర ఫ్యాక్టరీలతో నిండిందంటే దాని వెనక ఉన్నది కాలువ నీరే. చెరకుకు పెట్టిన నీటిలో మొక్క తాగగా మిగిలింది నేలలోకి ఇంకి, వాగుల్లోకి ఊరి, మీంఢోళాకు చేరుతుంది. అందుకే ఈ నది గురించి నేను వాదించేది ఇది: హిమాలయ నదికి హిమానీనదం చేసే పనిలో సగం మీంఢోళాకు ఉకాయి చేస్తోంది. తన పరీవాహకంలో లేని నిల్వ, వేరే నది మీద ఉన్న నిల్వ, ఎండాకాలంలో దాన్ని బతికిస్తోంది. సగం అనడానికి కారణం ఉంది. హిమానీనదం ఆపుతుంది, వదులుతుంది. ఉకాయి మీంఢోళాకు వదలడమే కానీ, మీంఢోళా వరదలో ఒక్క బొట్టునూ ఆపలేదు. ఇచ్చే చేయి ఉంది, పట్టే చేయి లేదు. ఈ నది దిగువన జరిగే అనర్థాలు చాలావరకు ఈ సగం లోటులోనుంచి పుట్టినవే.

నగరం దగ్గరికి వచ్చేసరికి ఇదే కథ ఇంకో రూపంలో సాగుతుంది. సూరత్ తాగునీటికి తాపీయే ఆధారం. సింగణపోర్ దగ్గర 1990ల్లో కట్టిన వియర్-కమ్-కాజ్‌వే, ఎగువ నుంచి వచ్చే మంచినీటిని ఒక పక్కన, సముద్రం నుంచి ఎక్కే ఉప్పునీటిని మరో పక్కన వేరు చేస్తుంది. ఆ మంచినీరు ఇళ్లకు, డైయింగ్ మిల్లులకు, హోటళ్లకు వెళ్లి, వాడకం పూర్తయ్యాక మురుగు కాలువల్లో చేరి, శుద్ధి కేంద్రాలకు పోతుంది. నగరపు దక్షిణ భాగంలో ఆ నీటిలో చాలా వాటా చివరికి ఖాడీల్లోకి, వాటి ద్వారా మీంఢోళాలోకి చేరుతుంది. ఆల్థాన్‌కు పక్కనే ఉన్న బమ్రోలీలో 2014లో సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ రోజుకు 4 కోట్ల లీటర్ల మురుగునీటిని మూడో దశ దాకా శుద్ధి చేసే కేంద్రాన్ని నడపడం మొదలుపెట్టి, ఆ నీటిని పాండేసరా పారిశ్రామికవాడ మిల్లులకు అమ్ముతోంది. దేశంలోని నగరాలకు ఇది మంచి దారి చూపిన పని. ఇక్కడ మనకు కావలసింది దాని భౌగోళిక అర్థం. ఒక నది నీరు నగరం గుండా ప్రవహించి మరో నది నీరుగా మారుతోంది. పైప్‌లైన్లూ మురుగు కాలువలూ కలిసి ఒక పరీవాహకం నుంచి మరో పరీవాహకానికి నీటిని మళ్లిస్తున్నాయి, ఏ పటంలోనూ ఈ మళ్లింపు గీత కనిపించదు. శుద్ధి కాని నీరూ, మిల్లుల రంగునీరూ కూడా ఇదే దారిన పోతాయి. సచిన్ ప్రాంతంలో మీంఢోళా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కలుషిత నదీ భాగాల జాబితాలోకి ఎక్కిందంటే ఆశ్చర్యం లేదు. హిమానీనదం కరిగి వచ్చే నీరు దుమ్ముతో తెల్లగా ఉన్నా మురికిది కాదు. వాడిన నీటి మీద బతికే నది మాత్రం తనకు నీరిచ్చినవాళ్లు ఏం కలిపితే అది మోయాల్సిందే.

ఇక చివర్లో అడ్డుపడే సంగతి. ఖంభాత్ అఖాతం గరాటు ఆకారంలో ఉండటంతో పోటు లోపలికి వెళ్లే కొద్దీ ఎత్తు పెరుగుతుంది. అఖాతం లోపల భావనగర్ వైపు పోటుకూ పాటుకూ మధ్య తేడా 10 మీటర్లు కూడా దాటుతుంది. సూరత్ తీరాన అంత ఉండదు కానీ మన కాకినాడ, మచిలీపట్నం తీరాలకు అలవాటైన ఒకటి రెండు మీటర్ల పోటుతో దీన్ని పోల్చడానికే వీల్లేదు. ఇక్కడి పోటు నదుల్లోకి చాలా లోపలికి చొచ్చుకొస్తుంది. ఆల్థాన్ పక్కనున్న భీమ్‌రాడ్ దీనికి సాక్ష్యం. 1930 ఏప్రిల్‌లో దాండీలో ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించిన తర్వాత గాంధీజీ భీమ్‌రాడ్‌లోనూ ఉప్పు ఎత్తారు. ఆ సంఘటనను చరిత్రకారులు ఉద్యమ ఘట్టంగా రాస్తారు, భూగోళం చదివేవాడు అందులో ఇంకో విషయం చూడాలి. సముద్రపు నీరు వచ్చి, నిలిచి, ఎండితేనే ఉప్పు పేరుకుంటుంది. అంటే ఇవాళ అపార్ట్‌మెంట్లు లేచిన ఈ నేల అంచు దాకా ఆనాడు పోటునీరు మామూలుగా ఎక్కేది. సూరత్ సగటు ఎత్తు సముద్రమట్టానికి 13 మీటర్లని చెబుతారు గానీ నైరుతి పేటలు ఆ సగటు కంటే పల్లంలో ఉన్నాయి. పెద్ద పోటు వేళ ఖాడీలో నీరు ముందుకు కదలదు, కొన్ని గంటలు వెనక్కే నడుస్తుంది.

పైనుంచి వరద, కిందనుంచి పోటు – ఈ రెండు బలాలూ ఎదురెదురుగా వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చిన్న లెక్కతో చూడవచ్చు. మీంఢోళా పరీవాహకం మొత్తం మీద ఒక రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం; దక్షిణ గుజరాత్‌లో ఇది అరుదు కాదు. ఆ నీరు 15.18 కోట్ల ఘనపు మీటర్లు, అంటే సుమారు 5.4 టీఎంసీలు. నేల అప్పటికే తడిసి ఉండి అందులో సగం పారిందంటే 2.7 టీఎంసీలు. ఒక్క రోజులో అది సముద్రానికి చేరాలంటే సగటున 31 వేల క్యూసెక్కుల చొప్పున కదలాలి. తాపీకి ఇది లెక్కలోకి రాదు, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకు మామూలు వానాకాలపు ప్రవాహం. కానీ పోటు వల్ల రోజులో సగం సేపు ముఖద్వారం మూసుకుపోయినట్టయితే మిగిలిన సగంలో 62 వేల క్యూసెక్కులు పోవాలి, లేదా పోలేని నీరు పల్లపు పేటల్లో నిలవాలి. పోటు రాని సమయం చూసి వరద జారిపోవచ్చు కదా అనుకోవడానికీ లేదు. వరదనీరు సెకనుకు ఒకటి నుంచి రెండు మీటర్ల వేగంతో కదిలినా 105 కిలోమీటర్లు రావడానికి పదిహేను నుంచి ముప్పై గంటలు పడుతుంది. పోటు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలకు ఒకసారి తిరిగొస్తుంది. కాబట్టి మీంఢోళా ప్రతి వరదా దారిలో కనీసం ఒక పోటును ఎదుర్కోవలసిందే. అమావాస్యకో పున్నమికో దగ్గర్లో పడితే ఆ పోటు మరింత పెద్దది. నదికి పైన నీటిని ఆపే నిల్వ ఉంటే వరద రోజుల తరబడి సాగి, ఒక్కో పోటు దాని మీద చూపే ప్రభావం తగ్గేది. అది లేకపోవడంతో నీరంతా ఒకే ఊపున దిగి సముద్రంతో తలపడుతుంది.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. సూరత్‌ను ముంచింది తాపీయే కదా, ఈ చిన్న నదికి ఇంత ప్రాముఖ్యం ఎందుకు అని. 2006 ఆగస్టు వరద విషయంలో ఈ మాట పూర్తిగా నిజం. ఉకాయి నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల దాకా వదిలిన నీరు నగరంలో అధికభాగాన్ని ముంచింది, తాపీ నీరు ఖాడీల వైపు కూడా మళ్లింది. ఆ వరదను మీంఢోళా ఖాతాలో వేయడం తప్పు. అయితే 2024 జులైలో, 2025 జూన్‌లో సూరత్‌లో ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు తాపీ తన గట్ల మధ్యనే ఉంది, పొంగినవి మీంఢోళా వైపు పారే ఖాడీలు. మీఠీ ఖాడీ పక్కనున్న లింబాయత్, పర్వత్ పాటియా ప్రాంతాల్లో జనం రోజుల తరబడి నీళ్లలో గడిపారు. ఆ పేటల్లో కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి తరతరాలుగా వలసవచ్చిన తెలుగు నేత కుటుంబాలు ఎక్కువ. సూరత్ మున్సిపల్ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం ఉన్నది వీరి పిల్లల కోసమే. మగ్గాల షెడ్లలోకి నీరు చేరితే కరెంటు మోటార్లు, నూలు, నేసిన బట్ట ఒకేసారి పోతాయి. ఆ నష్టం తాపీ గేట్ల లెక్కల్లో ఎక్కడా కనిపించదు. నిలిచిన నీరు ఎంత దూరం తీసుకెళ్లగలదో ఈ నగరానికి బాగా తెలుసు: 1994 వానల తర్వాత, నీరూ చెత్తా పేరుకున్న పేటల నుంచి సెప్టెంబరులో వచ్చిన ప్లేగు భయంతో లక్షల మంది ఊరు వదిలిపోయారు. 1995లో కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు హయాంలో ఆ నగరమే దేశంలోని శుభ్రమైన నగరాల వరుసలోకి ఎక్కింది. చెత్త ఎత్తడం పరిపాలనతో సాధ్యమైంది. నీటిని కదిలించడం అంతకంటే కష్టం, ఎందుకంటే దానికి పేటల హద్దులు కాక పరీవాహకం హద్దులు కావాలి.

పెద్ద నది చాటున చిన్న నది దాగిపోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతుంటే అందరి కళ్లూ అటే ఉన్నాయి. విజయవాడ సింగ్‌నగర్‌ను, పాయకాపురాన్ని ముంచింది బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఆ చిన్న ఏటి గట్లకు గండ్లు పడి నగరం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. బుడమేరు నీటిని కృష్ణలోకి పంపేందుకు మళ్లింపు కాలువ ఉన్నా, కృష్ణ తానే నిండుగా పారుతున్నప్పుడు అది నీటిని పూర్తిగా తీసుకోలేదు. సూరత్‌లో పోటు చేసే పని అక్కడ కృష్ణ మట్టం చేసింది. పోలిక ఇంకా ముందుకు వెళ్తుంది. బుడమేరు నీరు కొల్లేరు చేరాక ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. దారిలో చేపల చెరువుల గట్లు అడ్డుపడ్డాయి, వాటిని కూల్చడానికే 2006లో ఆపరేషన్ కొల్లేరు నడిచింది. మీంఢోళా ముఖద్వారం దగ్గర రొయ్యల చెరువులు, స్థానికులు ఝింగా తలావ్‌లు అనేవి, ఖాడీ నీటికి అడ్డుగా ఉన్నాయని ప్రతి వరద తర్వాతా సూరత్‌లో ఫిర్యాదులు వస్తాయి. రొయ్య రైతును మాత్రమే దోషిని చేయడం సులువు, అది పూర్తి నిజం కాదు. పోటునీరు అందుబాటులో ఉండటమే ఆ చెరువులకు పెట్టుబడి, పోటునీరు వెనక్కి తన్నడమే పైనున్న పేటలకు నష్టం. రెండింటికీ మూలం ఒకే భూగోళం, దాన్ని పట్టించుకోని ప్రణాళిక రెండు వైపులా ఒకే తప్పు చేసింది.

ఇంకో అభ్యంతరం శాస్త్రం తెలిసినవాళ్లది. హిమానీనదాన్ని నమ్మకమైన నిల్వగా చూపి, జలాశయాన్ని దానితో పోల్చడం సరికాదని. హిమానీనదం నదులకూ వాటి ప్రమాదాలు ఉన్నాయి, ఒప్పుకోవాల్సిందే. ఉత్తరాఖండ్‌లో నందాదేవి చుట్టూ ఉన్న మంచు నుంచి పుట్టే రిషిగంగ కూడా చిన్న నదే, రైనీ గ్రామం దగ్గర ధౌలీగంగలో కలుస్తుంది. 2021 ఫిబ్రవరి 7న, వాన లేని చలికాలపు రోజున, రోంతీ శిఖరం పక్కనుంచి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయీ మంచూ విరిగి దాదాపు 1,800 మీటర్లు కిందికి పడి వరదగా మారింది. రెండు జలవిద్యుత్ కేంద్రాల దగ్గర రెండు వందల మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. వైహో నది మీద వంతెన 2019 మార్చిలో భారీ వానకు కొట్టుకుపోయింది. అంటే మంచు నది కూడా వాన నుంచి తప్పించుకోలేదు. ఇవన్నీ నా వాదనను కొట్టివేయవు, దాని హద్దును చూపుతాయి. నిల్వ ఉన్న నది అరుదుగా, ఊహించని రీతిలో ప్రమాదం తెస్తుంది. నిల్వ లేని నది ఏటా, ఊహించగల రీతిలో తెస్తుంది. మీంఢోళా రెండో రకానిది. ఏ నెలలో పొంగుతుందో, ఏ తిథికి పోటు పెద్దదో, ఏ పేటలు పల్లంలో ఉన్నాయో ముందే తెలుసు. తెలిసి కూడా మునగడం అన్నది ప్రకృతి పేరు మీద రాయడానికి వీల్లేని నష్టం.

అలాగైతే మీంఢోళా మీద ఒక పెద్ద ఆనకట్ట కడితే సరిపోదా? సరిపోదు. దోస్వాడా కొండల కింద నది మైదానంలోకి దిగాక లోయ లేదు, చదునైన రేగడి మీద కట్టే ఆనకట్ట ఊళ్లను ముంచి కొద్ది నీటినే పట్టగలదు. పైగా నగరాన్ని ముంచే వానలో పెద్ద భాగం నగరం మీదా, దాని చుట్టుపక్కల కామ్రేజ్, పల్సాణా తాలూకాల్లోనూ పడేదే. ఏ ఆనకట్టకైనా దిగువన. ఖాడీలను లోతు చేసి, గోడలు కట్టి, వేగంగా పంపేయాలన్న ప్రతిపాదన తరచుగా వినిపిస్తుంది. వాన ఒక్కచోట కురిసి పోటు లేని వేళ అది పనిచేస్తుంది. పోటు ఎదురైతే వేగంగా వచ్చిన నీరు వేగంగానే ఆగుతుంది, అంతే. సముద్రం వైపు తలుపులు పెట్టి పోటును ఆపితే, తలుపులు మూసి ఉన్న ఆరు గంటలూ లోపలి నీరు నిలవడానికి జాగా కావాలి. ఏ దారిన ఆలోచించినా చివరికి వచ్చి ఆగేది నిల్వ దగ్గరే. కొండల్లో దాచలేని నీటిని మైదానంలో, పల్లపు నేలల్లో, కొన్ని గంటల పాటైనా దాచాలి. ఈ ప్రాంతానికి అలాంటి జాగాలు ఉండేవి: ఊరి చెరువులు, ఖాడీల పక్క గడ్డిభూములు, ఉప్పు నేలలు. ఆల్థాన్ చెరువు ఇవాళ ఉద్యానంగా మిగిలింది, చుట్టూ ఉన్న పల్లం చాలావరకు మెరక చేసి కట్టేశారు. కాంకరా ఖాడీ ఒడ్డున ఆల్థాన్ నుంచి సోనారీ దిశగా కార్పొరేషన్ పెంచుతున్న జీవవైవిధ్య ఉద్యానం ఈ దృష్టితో చూస్తే చెట్ల కంటే నేల వల్లే విలువైనది. అక్కడి ఒడ్డును మెరక చేయకుండా, పెద్ద వానకు నీరు ఎక్కి, పాటు వేళ దిగేలా వదిలితే అది ఖాడీకి కొన్ని గంటల నిల్వ అవుతుంది. గట్టు పోసి నడకదారి మాత్రమే వేస్తే అది ఉద్యానమే అవుతుంది, అక్కడ ఆగవలసిన నీరు ఎగువన లింబాయత్ వైపు ఆగుతుంది. నీటిమట్టం కొలిచే పరికరాలను ఖాడీల మీద, మీంఢోళా వంతెనల దగ్గర పెట్టి, ఉకాయి విడుదలలతో పాటు వాటి అంకెలనూ పోటు వేళలనూ ఒకే పట్టికలో గంటగంటకూ జనానికి తెలపడం ఈ పని కంటే ముందే చేయదగింది, ఖర్చు తక్కువైంది. ఆ పట్టికలో దోస్వాడా వాన, బార్డోలీ మట్టం, భీమ్‌రాడ్ పోటు పక్కపక్కనే ఉంటే పాండేసరా మిల్లు యజమానికీ లింబాయత్ మగ్గం కార్మికుడికీ నూలు పైకెత్తుకోవడానికి సగం రోజు వ్యవధి దొరుకుతుంది.